రెరా లేని ప్రీ-లాంచ్ ఫ్లాటు సగం ధరకే ఇస్తామంటున్నారు, కొనొచ్చా?

కొల్లూరు_సొంతిల్లు:
అందరికీ నమస్తే. హైదరాబాద్ పక్కన కొల్లూరు దగ్గర ప్రీ-లాంచ్‌లో, అంటే పర్మిషన్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాకముందే అమ్మేదాంట్లో, 1,500 అడుగుల ఫ్లాటు చూశాం. అడుగు 3,200 చొప్పున 48 లక్షలు, ఒకేసారి కట్టేయాలి. చుట్టుపక్కల రెరా ఉన్నవాటిలో 6,000కి తక్కువ ఎవరూ చెప్పడం లేదు. పర్మిషన్ ఆరు నెలల్లో వస్తుందట, అప్పటిదాకా 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఎంఓయూ (ఒప్పంద పత్రం) రాసిస్తారట. ఊళ్లో అరెకరం అమ్మి, మా ఆవిడ బంగారం కుదవపెట్టి కడదామనుకుంటున్నాం. లక్ష టోకెన్ ఇచ్చాను. ముందుకెళ్లమంటారా?

చందానగర్_అన్న:
వెళ్లు తమ్ముడూ. నేను 2018లో ఇలాగే కొన్నా, 2022లో తాళాలు తీసుకున్నా. అందరూ రెరా రెరా అంటారు గానీ, రెరా ఉన్న ప్రాజెక్టులు మాత్రం లేటవడం లేదా? నెల జీతగాళ్లు 90 లక్షలు ఎక్కణ్ణుంచి తెస్తారు? బిల్డరు ఇంతకుముందు ఏం కట్టాడో చూసుకో, చాలు.

పటాన్‌చెరు_బాధితుడు:
అన్నా, మీకు కలిసొచ్చింది, సంతోషం. నేను 2020లో 31 లక్షలు కట్టాను. మాకూ ఆరు నెలలనే చెప్పారు. ప్రతి ఆదివారం పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని సైటుకు వెళ్లేవాణ్ణి. నీలం రేకుల ప్రహరీ, వాచ్‌మన్ గుడిసె, ఒక బోరు, అంతే, రెండో వానాకాలానికి రేకులు కనబడనంత గడ్డి మొలిచింది. తర్వాత తెలిసింది, రైతులకు అడ్వాన్స్ తప్ప ఏమీ ఇవ్వలేదని, మా డబ్బు ఇంకో వెంచర్‌లో పెట్టారని. వాళ్లిచ్చిన చెక్కులు బౌన్స్ అయ్యాయి. రెరాకు వెళితే వడ్డీతో తిరిగి ఇమ్మని ఆర్డరొచ్చింది, డబ్బు మాత్రం ఇంకా రాలేదు, రెవెన్యూ రికవరీ (భూమి శిస్తు బకాయిలా వసూలు చేయడం) అంటూ తిరుగుతూనే ఉన్నాను.

లేటవడం వేరు, డబ్బు పోవడం వేరు అన్నా. రెరా ప్రాజెక్టులో మనం కట్టినదాంట్లో 70 శాతం విడిగా ఒక అకౌంట్‌లో ఉండాలి, ఆ కట్టడానికీ ఆ భూమికీ తప్ప వాడకూడదు. ప్రీ-లాంచ్‌లో ఆ అకౌంటే ఉండదు. 2016 రెరా చట్టం 3వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాకముందు ఇంత పెద్ద ప్రాజెక్టుకు బుకింగ్ కాదు కదా, ప్రకటన కూడా ఇవ్వకూడదు. 13వ సెక్షన్ చూడండి, 10 శాతం మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయాలి. అంటే మీ 48 లక్షల్లో 4.8 లక్షలు. వాళ్లు మొత్తం అడుగుతున్నారు!

చందానగర్_అన్న:
అంత భయమైతే యూడీఎస్ (మొత్తం స్థలంలో విడదీయని వాటా) రిజిస్టర్ చేయించుకోమనండి. కనీసం భూమి వాటా అయినా పేరు మీద ఉంటుంది కదా.

దస్తావేజుల_పని:
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని ఇవే రాస్తుంటాను, కాబట్టి చెబుతున్నా. యూడీఎస్ దస్తావేజులో మీకు 45 గజాలు అని ఉంటుంది, హద్దులు మాత్రం మొత్తం స్థలానివి. ఆ 45 గజాలు ఎక్కడున్నాయో ఎవరూ చూపించలేరు. రేపు పని ఆగిపోతే వాటాదారులందరూ ఒక్క మాట మీదికి రావాలి, వందల మందిని కూడగట్టడం అయ్యే పనేనా?

ముందు సర్వే నంబరు అడగండి. చెప్పకపోతే లేచి వచ్చేయండి. చెబితే ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి, 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములవి), ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూ భారతిలో చూడండి. పట్టా రైతు పేరు మీదే ఉంటే బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి. ఇంకొకటి, ఆ బ్రోచర్ పట్టుకుని మీ జీతం పడే బ్యాంకుకు వెళ్లి లోన్ అడగండి, వాళ్ల లీగల్ వాళ్లు ఏమంటారో వినండి.

కొల్లూరు_సొంతిల్లు:
ఇవాళ వెళ్లొచ్చాను. బ్యాంకులో పర్మిట్ నంబరు, రెరా నంబరు లేకుండా ఫైలే తీసుకోము అన్నారు. సైటు ఆఫీసులో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయండి, 10 శాతమే ఇస్తాను అంటే, ఈ రేటుకు కుదరదు, ఆఫర్ ఆదివారంతో అయిపోతుందన్నారు. సర్వే నంబరు మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు. టోకెన్ లక్ష వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకున్నాను. అరెకరం బేరం ఆపేయమని రాత్రే నాన్నకు ఫోన్ చేశాను.