బైపాస్ కెమెరా చలాన్లు మీకూ వచ్చాయా? అర్జీ పెడదామనుకుంటున్నాం, సలహా చెప్పండి

గేట్‌బజార్_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది ఒడిశాలోని బరంపురం, అత్తారిది ఇచ్ఛాపురం, కాబట్టి వారానికోసారి హైవే ఎక్కాల్సిందే. మొన్న ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి వెళ్తే ఏజెంటు సిస్టంలో చూసి "బాబూ నీ కారు మీద 3 చలాన్లు పెండింగు" అన్నాడు, ఒక్క మెసేజీ రాలేదు నాకు. (ఆర్సీలో నాన్నగారి పాత నంబరు ఉంది, ఆ సిమ్ము ఎప్పుడో పోయింది, అది మా తప్పే.) మూడూ ఒకే చోటవి, ఊరి బయట కొత్తగా పెట్టిన స్పీడు కెమెరా. సైట్లో ఫొటోలు తెరిచి చూస్తే 60 ఉన్న చోట 71, 68, 74 అట. ఒక్కోటి వెయ్యి.

సరే వెళ్ళాననే అనుకుందాం, అసలు అక్కడ 60 అని బోర్డు ఎక్కడుంది అని ఆదివారం పనిగట్టుకుని బండి ఆపి వెతికాను. ఉంది బాబూ ఉంది, దాని ముందు ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) శుభాకాంక్షలు అని ఎవరో నాయకుడి ఫ్లెక్సీ కట్టేశారు, గాలికి మూల లేచినప్పుడు మాత్రం సున్నా ఒకటి కనిపిస్తోంది, ఆరు నాయకుడి గారి మీసం వెనకాల ఉంది. మా వీధిలోనే పది పన్నెండు మందికి వచ్చాయి. అందరం సంతకాలు పెట్టి జిల్లా కేంద్రం ఛత్రపురం వెళ్ళి కలెక్టరు గారికి ఇచ్చి కెమెరా తీసేయించాలని ప్లాను. ఇలాంటిది ఎవరైనా చేశారా?

రాయగడ_రైలు:
తీసేయమంటే తీసేస్తారేటి? మా బావ హ్యూస్టన్‌లో ఉంటాడు, అక్కడ జనం సిగ్నల్ కెమెరాల మీద 2010 నవంబరులో ఓటింగు పెట్టించుకుని మరీ వద్దని తేల్చారు, 2019లో టెక్సాస్ రాష్ట్రం మొత్తం మీదే రెడ్ లైట్ కెమెరాలకి చట్టం చేసి ఆపేశారు. మనకి ఆ ఓటింగు సదుపాయం లేదు కదా. అయితే గోల చేస్తే అస్సలు పని జరగదని కూడా కాదు, 2019 సెప్టెంబరులో కొత్త ఫైన్లు వచ్చినప్పుడు భువనేశ్వర్‌లో ఒక ఆటో ఆయనకి 47,500 వేశారు గుర్తుందా, అంత రచ్చ అయ్యాకే మన ఒడిశాలో కొన్ని నెలలు సడలించారు. కానీ అదీ కొన్ని నెలలే.

గోళంతర_అక్క:
కోపం తెచ్చుకోకండి, ఇంకో వైపు కూడా వినండి. మా ఇల్లు ఆ రోడ్డు పక్కనే. మా అత్తగారు పొద్దున్నే పాల చెంబు పట్టుకుని అవతలికి దాటాలి, డివైడరు దగ్గర నిలబడి పది నిమిషాలు ఎదురు చూసేవారు, ఒకసారి లారీ గాలికే చెంబు చేతిలోంచి ఎగిరిపోయింది. కెమెరా పెట్టాక కనీసం కార్లు నెమ్మదిస్తున్నాయి. మీకు 74 అంటే చిన్న విషయం, రోడ్డు మీద నిలబడిన మనిషికి కాదు తమ్ముడూ. బోర్డు కప్పేసిన వాడి మీద కోపం రావాలి గానీ కెమెరా మీద ఎందుకు?

పర్లాకిమిడి_ప్లీడరు:
అక్కగారు చెప్పింది కరెక్టు. కెమెరా వద్దు అని రాస్తే మొదటి పేజీలోనే పక్కన పడేస్తారు, రూలు ప్రకారం పెట్టలేదు అని రాయండి, అప్పుడు చదవక తప్పదు. 2021 ఆగస్టులో సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో 167ఎ అని చేర్చారు. కెమెరా సరిగ్గా కొలుస్తోందని రాష్ట్రం నియమించిన అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటేటా రెన్యువల్ చేయాలి. ఇక్కడ నిఘా ఉందని ముందుగానే కనిపించేలా బోర్డు ఉండాలి, మీ ఫ్లెక్సీ సంగతి ఇక్కడే పనికొస్తుంది. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలని ఆ 2021 రూలు, మీరు చూసిన రోజు నుంచి కాదు, వాళ్ళు పంపిన తేదీ చూసుకోండి, పాత నంబరుకి పంపినా పంపినట్టే అంటారు.

ఆర్టీఐ వేయండి. మన ఒడిశాలో తెల్ల కాగితం మీద రాస్తే కుదరదు, ఫారం ఎ నింపి, ఐడీ జిరాక్సు పెట్టి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. కెమెరా ఎందుకు పెట్టారు అని మాత్రం అడక్కండి, ఎందుకు అన్నదానికి ఆర్టీఐలో జవాబు రాదు. సర్టిఫికెట్ కాపీ, బోర్డు పెట్టిన తేదీ ఉన్న కాగితం ఇవ్వమనండి. 30 రోజుల టైముంది వాళ్ళకి.

ఇంకోటి, పోట్లాడదామనుకుంటే డబ్బు కట్టకండి, కడితే ఒప్పుకున్నట్టే. వర్చువల్ కోర్టుకి (చలాన్లు చూసే ఆన్‌లైన్ కోర్టు) వెళ్తే అక్కడ కాంటెస్ట్ అని ఆప్షను ఉంటుంది, అది నొక్కితే మామూలు కోర్టుకి పంపుతారు, తిరగడానికి ఓపిక ఉంటేనే నొక్కండి. 3 వేల కోసం 6 సార్లు తిరిగిన క్లయింట్లని చూశాను.

రాయగడ_రైలు:
చలాను అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే మాత్రం నొక్కకండి రా బాబూ, మా పక్కింటాయన నొక్కి 18 వేలు పోగొట్టుకున్నాడు. దాని ముందు ఈ కెమెరా నయం.

గేట్‌బజార్_కుర్రోడు:
ప్లీడరు గారూ చాలా థ్యాంక్స్. అక్కా, మీ మాటకి కొంచెం సిగ్గేసింది, నిజమే. అర్జీ మార్చేస్తున్నాం, కెమెరా ఉండనీండి, ముందు బోర్డు బయటపెట్టండి, అక్కడ జీబ్రా గీతలు వేయండి అని. కానీ ఒక చిక్కొచ్చింది, నిన్న సాయంత్రం వెళ్ళి చూస్తే ఫ్లెక్సీ మాయం! నేను ఆదివారం తీసిన ఫొటోలో తేదీ పడలేదు.

పర్లాకిమిడి_ప్లీడరు:
ఫోన్లో ఒరిజినల్ ఫైలు డిలీట్ చేయలేదు కదా? డీటెయిల్స్ నొక్కితే తేదీ, టైము వస్తాయి. వాట్సాప్‌లో పంపుకున్నది పనికిరాదు, అందులో ఆ వివరాలు పోతాయి. మీ వీధి వాళ్ళ ఫోన్లు కూడా వెతికించండి.

గోళంతర_అక్క:
మా ఆయన యాత్ర టైములో ఆ దారినే వీడియో తీశారు, ఫ్లెక్సీ పడిందేమో రాత్రికి చూస్తాను. అర్జీ ఒడియాలో రాయించండి, తెలుగులో రాస్తే అక్కడ చదివేవాళ్ళు ఎవరున్నారు. మా అబ్బాయి ఒడియా మీడియం, మేటరు పంపండి, రాసిపెడతాడు. జీబ్రా గీతలు మాత్రం మొదటి పాయింటు పెట్టాలి, మూడోది కాదు.