ఓక్ ఆలీ బంగళాలో పెళ్లి చేయొచ్చా?

హ్యూస్టన్ పెదనాన్న:
మా తమ్ముడి కూతురు పెళ్లి లూజియానాలోని ఓక్ ఆలీలో చేసుకుంటానంటోంది. న్యూ ఆర్లీన్స్‌కి గంట దూరం, మిసిసిపీ ఒడ్డున పాత చెరకు ఎస్టేటు. బానిసల చేత చాకిరీ చేయించిన చోట తాళి కట్టించడమేంటని మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

స్తంభాల పిచ్చి:
నేను కట్టడాల వైపు మనిషిని. 1837–39లో ఝాక్ టెలెస్ఫోర్ రోమన్ కట్టించిన ఇల్లది. చుట్టూ 28 స్తంభాలు, ముందు రెండు వరసల్లో 28 ఓక్ చెట్లు. చెట్లు ఇంటికంటే చాలా పాతవి. దూరం నుంచి స్తంభాలు చలువరాయేమో అనిపిస్తాయి గానీ లోపల ఇటుకే, పైన గచ్చు. నాలుగువైపులా వెడల్పాటి వసారా ఉండటంతో మిట్టమధ్యాహ్నం ఎండ గోడని తాకదు. మండువా ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ హాయి చెప్పక్కర్లేదు. పెళ్లిళ్ల మీద వచ్చే డబ్బుతో అది నిలబడుతోందంటే తప్పేముంది? కట్టినవాళ్ల పనితనం మిగలాలి కదా.

కడియం అంటు:
పనితనం అన్నారు కాబట్టి ఆంటోయిన్ గురించి చెబుతాను. ఓక్ ఆలీలో బానిస, తోటమాలి. మాది అంట్లు కట్టే కుటుంబం, అతని సంగతి తెలిసినప్పట్నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. పికాన్ అంటే అక్రోటు లాంటి కాయ కాసే చెట్టు, దాని గింజ నాటితే తల్లిచెట్టు కాయ రాదు. 1846–47 చలికాలంలో మంచి కాయ కాసే చెట్టు పుల్లలతో 16 చెట్లకి అంటు కట్టి బతికించాడతను. కోత కాస్త అటూఇటూ అయితే పుల్ల ఎండిపోతుంది, చేతిలో కత్తి పట్టినవాళ్లకి తెలుసు. వ్యాపారానికి పనికొచ్చిన తొలి పికాన్ రకం అదే. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో మెప్పు పొంది 'సెంటెనియల్' (నూరేళ్ల పండగ) అనిపించుకుంది. అతని పేరు పెట్టలేదు. 1848లో రోమన్ పోయాక రాసిన ఆస్తుల జాబితాలో మాత్రం ఉన్నాడు: ఆంటోయిన్, 38 ఏళ్లు, పికాన్ అంట్లలో నేర్పరి, వెయ్యి డాలర్లు. ఇంటిపేరు లేదు. ఆ స్థలం పేరు శుభలేఖ మీద వేయించాలంటే నాకు చెయ్యి రాదండీ.

స్తంభాల పిచ్చి:
వాళ్లేమీ దాచట్లేదు కదండీ. బానిసల గుడిసెలు మళ్లీ కట్టి చూపిస్తున్నారు.

కోరంగి మనవరాలు:
చూపించడం వేరు, వాటి ముందు బాజాలు మోగించడం వేరు. మాది మారిషస్. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి ఒప్పందం కూలీలుగా మా పెద్దలొచ్చారు. తెలుగువాళ్లని ఇక్కడ కోరంగివాళ్లనేవారు, ఆ రేవు పేరుతో. దొరల బంగళాలు ఇక్కడా అందంగానే ఉంటాయి, వాటిలో పెళ్లి చేసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఓక్ ఆలీకి దగ్గర్లోనే విట్నీ ఎస్టేటుంది, 2014లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ ముందుగా చెప్పేది బానిసల బతుకే. చెరకు రసం కాచిన ఇనప బానలున్నాయి. పెళ్లికూతుర్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి.

హ్యూస్టన్ పెదనాన్న:
ఇదంతా పిల్లకి పంపాను. ఆంటోయిన్ సంగతి చదివి చాలాసేపు మాట్లాడలేదు. అడ్వాన్సు ఇంకా కట్టలేదు, ఆదివారం రెండుచోట్లా చూసొస్తాం. కడియం వారూ, ముసలి చెట్టుకి అంటు కట్టిన చోటు గుర్తుపట్టగలమా?

కడియం అంటు:
మొదలు మీద వెతకండి. ఒకచోట చుట్టూ గీత గీసినట్టు బెరడు మారుతుంది, కింద ఒక రకం, పైన ఇంకో రకం. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.