అలవాటుకు ‘వాసన’ అనే పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న:
‘పూర్వజన్మ వాసన’, ‘పాత వాసనలు ఇంకా వదలలేదు’ అని అంటూ ఉంటాం. ముక్కుకు తెలిసే వాసనకూ, మనిషిలో పాతుకుపోయిన అలవాటుకూ ఒకే మాట ఎలా కుదిరింది? సంస్కారం అనే మాట ఉండగా దీని అవసరం ఏమిటి? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
ఇది సంస్కృతంలోని ‘వాసనా’ శబ్దం. నివాసార్థంలో ఉన్న ‘వస్’ ధాతువు నుంచి వచ్చిందనుకుంటే, వసతి, ఆవాసం అనే మాటలకు చుట్టమై, మనసులో కాపురం పెట్టినదని అర్థమిస్తుంది. పరిమళం పట్టించడమనే అర్థం నుంచి వచ్చిందనడం మరొక దారి. నాకు ఈ రెండవదే బలంగా తోస్తుంది. నువ్వులను పూలతో కలిపి ఉంచితే, పూలను ఏరి పారవేసిన తరువాత కూడా ఆ నువ్వులను గానుగాడిన నూనెలో పరిమళం నిలిచి ఉంటుందన్నది శాస్త్రాలలో ప్రసిద్ధమైన దృష్టాంతం. చేసిన పని ముగిసిపోయినా అది చిత్తానికి పట్టించినది మిగిలే ఉంటుందన్నమాట. యోగాచారమనే శాఖకు చెందిన బౌద్ధులు ఆలయవిజ్ఞానం గురించి, అంటే చేసిన పనుల ముద్రలు బీజాలుగా నిలిచి ఉండే మూలచిత్తం గురించి, చెప్పినదీ ఇదే. వారి గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చినవారు ఈ మాటకు పొగవేసి పరిమళం పట్టించడమనే అర్థమున్న పదాన్నే ఎంచుకున్నారు.

రెండవ జవాబు:
పై వివరణతో ఏకీభవిస్తూనే, వాసన అంటే అలవాటు కాదని, అలవాటుకు వెనుక నిలిచి దాన్ని మళ్లీ మళ్లీ పైకి తెచ్చేదని గట్టిగా చెప్పదలచుకున్నాను. యోగసూత్రాల 4వ పాదంలోని 8వ సూత్రం ప్రకారం, కర్మ ఫలించే వేళ దానికి తగిన వాసనలు మాత్రమే వ్యక్తమవుతాయి. తక్కినవి అణగి ఉంటాయి. ఎన్నడో మానేశామనుకున్నది అనువైన పరిస్థితి రాగానే తలెత్తడానికి ఇంతకంటే చక్కని వివరణ నాకు కనబడలేదు.

ఇక సంస్కారం సంగతి. స్మృతికి హేతువులైన సంస్కారాలే వాసనలని యోగసూత్రాలకు వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం చెబుతుంది కనుక శాస్త్రంలో ఈ రెండూ దగ్గరివే. అయితే నేటి తెలుగులో సంస్కారం అంటే మంచి నడవడి అనే అర్థం స్థిరపడిపోయింది. ‘సంస్కారం లేని మనిషి’ అంటే తిట్టే. కాబట్టి చెడు అలవాటు మూలాన్ని చెప్పడానికి ఆ మాట పనికిరాదు. యోగవాసిష్ఠం శుద్ధమనీ మలినమనీ రెండు విధాలుగా విభజించిన వాసనకు ఆ చిక్కు లేదు.

మూడవ జవాబు:
తెలుగు వాడుకలో దీనికి మరొక అర్థచ్ఛాయ కూడా ఉంది. ‘అక్షరం వాసన లేనివాడు’ అన్నప్పుడు వాసన అంటే పాతుకుపోయినది కాదు, లేశమాత్రపు పరిచయం.