గంజాయి మానేశాను, మనసు మాత్రం ఇంకా మొద్దుబారినట్టే ఉంది. ఇది దాటినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లు రోజూ గంజాయి తాగి, కొన్ని నెలల కిందట పూర్తిగా మానేశాను. మొదట్లో ఉన్న చెమటలు, చిరాకు, పీడకలలు తగ్గిపోయాయి. తాగాలన్న యావ కూడా పెద్దగా లేదు. నన్ను కుంగదీస్తున్నది వేరే.

పుస్తకం తెరిస్తే ఒకే పేరా మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తోంది. అమ్మ ఏదైనా చెబుతుంటే ఊ కొడతాను గానీ, కాసేపటికి ఏం చెప్పిందో గుర్తుండదు. అంతకన్నా బాధ, దేనికీ సంతోషం కలగకపోవడం. అక్కకి పాప పుట్టింది. ఎత్తుకుంటే నా వేలు గట్టిగా పట్టుకుంది. లోపల ఏమీ కదల్లేదు. ఇంకో రోజు ఏ కారణం లేకుండానే ఏడుపు ముంచుకొస్తుంది.

రోజూ వాడేవాళ్ల మెదడులో గంజాయి పనిచేసే రిసెప్టర్లు తగ్గిపోతాయని, మానేసిన 4 వారాలకి దాదాపు మామూలు స్థాయికి వస్తాయని చదివాను. మరి నాకెందుకు ఇంత ఆలస్యం? ఇది ఇంకా మత్తు మానిన ప్రభావమేనా, లేక ముందునుంచీ ఉన్న డిప్రెషన్ ఇప్పుడు బయటపడుతోందా? సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆయనకి ఏమేం చెప్పాలి? థైరాయిడ్, బీ12 పరీక్షల గురించి అడగాలా? రోజూ నడుస్తున్నాను, ఒకే వేళకి పడుకుంటున్నాను. నడిచిన రోజు కాస్త తేలిగ్గానే ఉంటోంది.

మీకు ముందు ఏది తిరిగొచ్చింది, ఏకాగ్రతా, సంతోషమా? మందులు వాడాల్సి వచ్చిందా? ఓపిక పట్టమని చాలామంది చెప్పారు. మీకు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తే నాకు అదే పెద్ద సాయం.