ఒబే అంటే మొదట్లో వినడమే

ఒబే అన్న ఇంగ్లీష్ క్రియకి మనవాళ్లు విధేయత చూపడం, తలొగ్గడం, శిరసావహించడం అని బరువైన మాటలే రాస్తుంటారు. నాకైతే ముందు గుర్తొచ్చేది మాట వినడం. "వీడు ఎవరి మాటా వినడు" అంటే వాడికి చెవుడని కాదు కదా, ఒబే కథ కూడా సరిగ్గా ఇదే.

లాటిన్‌లో ఔదీరె అంటే వినడం, ఆడియో, ఆడియెన్స్ అక్కణ్ణించి వచ్చినవే. ఆడిట్ కూడా, ఎందుకంటే ఒకప్పుడు లెక్కలు పైకి చదివి వినిపించేవాళ్లు. ఆ ఔదీరెకి ముందు 'వైపు' అనే అర్థమున్న ఒబ్ చేరి, ఫ్రెంచ్‌లో ఒబెయీర్‌గా మారి, 13వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లీష్‌లోకి వచ్చింది. అంతకుముందు ఇంగ్లీష్‌వాళ్లకి ఈ మాట లేక కాదు, పాత ఇంగ్లీష్‌లో హియర్‌సుమియన్ అనేవాళ్లు, అందులో ఉన్నదీ ఇప్పటి హియరే! జర్మన్‌లో మాట వినేవాణ్ణి ఈరోజుకీ గెహోర్‌జామ్ అంటారు, హోరెన్ అంటే వినడం.

సంస్కృతంలో శుశ్రూష చూడండి. శ్రు అంటే వినడం, జ్ఞా నుంచి జిజ్ఞాస వచ్చినట్టే శ్రు నుంచి శుశ్రూష, అంటే వినాలనే కోరిక. గురువు చెప్పేది వినాలనే కోరిక కాస్తా గురువు చెప్పింది చెయ్యడమై, సేవై, చివరికి తెలుగులో రోగికి చేసే సపర్య దాకా వచ్చింది. ఇంత దూరం నడిచిన మాటలు నాకు చాలా ఇష్టం.

వినయం కూడా విను నుంచే పుట్టిందని కొందరు అంటుంటారు, అది తప్పు. వినయం సంస్కృతం, వి ఉపసర్గ, నీ ధాతువు, నడిపించడమని అర్థం. విను మన ద్రావిడ మాట. రెండిటికీ చుట్టరికం లేదు. విధేయుడిలోనూ వినడం లేదు, అది ధా ధాతువు.

అలాగని ఒబే కనిపించిన ప్రతిచోటా వినడం అని రాస్తే కుదరదు. ట్రాఫిక్ రూల్స్‌ని ఎవరూ వినరు, పాటిస్తారు. అమ్మ మాట, డాక్టర్ మాట వింటాం, చట్టాన్ని పాటిస్తాం, పై అధికారి ఆర్డర్ వేస్తే అమలు చేస్తాం. ఇంగ్లీష్‌లో అన్నిటికీ ఒబే ఒక్కటే సరిపోతుంది, తెలుగులో మాత్రం చెప్పేది మనిషా, రాసిపెట్టిన నియమమా అన్నదాన్ని బట్టి క్రియ మారాలి. పిల్లల పాఠాల్లో "తల్లిదండ్రులకు విధేయత చూపవలెను" అని రాసేవాళ్లు "అమ్మానాన్నల మాట వినాలి" అని రాస్తే ఏ పిల్లాడికీ అర్థం అడగాల్సిన పని ఉండదు.