అప్‌డేట్: నల్ల ఏల్‌లో మాడు చేదు పోయింది

హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) దండిగా వేసి ఇంట్లో కాచిన నల్ల ఏల్ (ఒక రకం బీరు) నాలుకకు బూడిదలా తగులుతోందని, తప్పు హాప్స్‌దా, మాల్ట్‌దా (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) అని అప్పట్లో అడిగాను కదా. మాల్ట్‌దే. రంగు కోసం నల్లగా వేయించిన బార్లీని మొదటి నుంచీ మ్యాష్‌లోనే (మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టే దశ) ఉంచాను. ఆ మాడు మీద హాప్స్ చేదు ఎక్కి కూర్చుంది.

ఈసారి పొట్టు తీసి వేయించిన కరాఫా స్పెషల్ అనే నల్ల మాల్ట్ 350 గ్రాములు తీసుకుని, మీరు సలహా ఇచ్చినట్టే రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాను. పొద్దున వడకడితే చిక్కటి డికాక్షన్‌లాంటి నీరు దిగింది. చెంచాతో రుచి చూస్తే చాక్లెట్ వాసనే తప్ప గొంతు పట్టే చేదు లేదు. మ్యాష్ నుంచి దిగిన రసం మరిగే చివరి 10 నిమిషాల్లో దాన్ని పోశాను. మ్యాష్ 67 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపాను. మ్యూనిక్ మాల్ట్ పెంచడంతో కాల్చిన రొట్టె అంచు రుచి వచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

పులిశాక గ్రావిటీ (నీటితో పోలిస్తే సాంద్రత) 1.062 నుంచి 1.014కి దిగింది, అంటే ఆల్కహాల్ 6.3 శాతం. పులియడం ముగిశాక సెంటెన్నియల్, సిమ్కో రకాల హాప్స్ అందులో 4 రోజులు ఉంచాను. తర్వాత సీసాల్లో నింపాను. మూడో వారం తెరిస్తే ముందు పంపరపనస తొక్క వాసన, ఆ వెనకే చాక్లెట్. బూడిద జాడే లేదు.