మఫ్లింగ్‌కి తెలుగు మాట: నా ఓటు "మోత తగ్గించడం"కి

డ్రమ్ సెట్టులో కాలితో పెడల్ తొక్కి వాయించే పెద్ద డ్రమ్మే బేస్ డ్రమ్ము. దాని శబ్దం మరీ సాగకుండా తగ్గించే మఫ్లింగ్‌ని తెలుగులో ఏమనాలని మా గ్రూపులో అడిగితే ఒకరు "ధ్వని అణచివేత" అన్నారు, ఇంకొకరు "నొక్కేయడం" అన్నారు. రెండూ నాకు నచ్చలేదండీ. ఆ మాటలు వింటే డ్రమ్ము నోరు మూయించడమే పని అనిపిస్తుంది, అద్దె ప్రాక్టీసు గదుల్లో జరిగేదీ అదే. ఇక్కడ హైదరాబాద్‌లోనే చూశాను, 22 అంగుళాల డ్రమ్ము నిండా దిళ్లు కుక్కేసి, కిక్ (బేస్ డ్రమ్ము దెబ్బ) వినపడట్లేదు మైకు పెంచండి అంటారు.

పెడల్ తొక్కితే వచ్చే శబ్దంలో రెండు ముక్కలుంటాయి. బీటర్ (పెడల్‌కి ఉండే సుత్తి) తగలగానే వచ్చేది దెబ్బ, ఆ తర్వాత గుయ్యిమని సాగేది మోత. మఫ్లింగ్ పని ప్రధానంగా ఆ రెండోదాంతోనే. దెబ్బ నిలవాలి, దాని అడుగున కాస్త మోత కూడా మిగలాలి, పూర్తిగా పోయిందంటే అట్టపెట్టెను తన్నినట్టుంటుంది.

అసలు సగం పని హెడ్డులోనే, అంటే డ్రమ్ముకి బిగించే ప్లాస్టిక్ పొరలోనే, అయిపోతుంది. రెమో కంపెనీ పవర్‌స్ట్రోక్ 3 హెడ్డుకి లోపల అంచు చుట్టూ పల్చటి పొర అదనంగా ఉంటుంది. ఎవాన్స్ కంపెనీ ఈమ్యాడ్ హెడ్డుకి బయటి నుంచి ఫోమ్ రింగు తొడుగుతాం, సన్నదో మందందో మన ఇష్టం. రెండూ అంచునే పట్టుకుంటాయి, బీటర్ తగిలే చోటు జోలికి పోవు. అలాంటి హెడ్డు వేసి, ముందు చేత్తో, తర్వాత డ్రమ్ము కీతో (బోల్టులు తిప్పే తాళంతో) ఎదురెదురు బోల్టులు సమంగా తిప్పుకుంటూ ముడతలు పోయేదాకా బిగించి, ఇంకో పావు చుట్టు తిప్పి వినండి. అప్పటికీ గుయ్యిమంటుంటే ఒక తువ్వాలు మడిచి కింద అంచుకి ఆనేలా పెడితే చాలాసార్లు సరిపోతుంది. పెడల్‌కి అవతలి వైపున్న హెడ్డుకి ఓ పక్కగా నాలుగైదు అంగుళాల రంధ్రం ఉంటే గాలి బయటికి పోయి మోత ఇంకొంచెం తగ్గుతుంది, మైకుకీ దారి దొరుకుతుంది.

మృదంగం తొప్పికి (ఎడమ వైపు ముఖానికి) రవ్వ ముద్ద పెట్టడం కూడా ఇదే కదా అని గ్రూపులో ఇంకెవరో రాశారు. దగ్గరిదే కానీ ఇది కాదు, రవ్వ బరువుతో శ్రుతి కిందికి దిగుతుంది, ఆ గంభీరమైన నాదం కోసమే పెడతారు. డప్పు దగ్గర పని ఇంకోలా ఉంటుంది. బోనాల వానల్లో చర్మం తేమ పట్టి మెత్తబడితే మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు. ప్లాస్టిక్ హెడ్డుకి ఆ బాధ లేదు.

<b>ఒక సభ్యురాలి ప్రశ్న:</b> మోత అంటే మోయడం కూడా కదండీ, గందరగోళం కాదా?

<b>నా జవాబు:</b> మంచి ప్రశ్నండీ. శబ్దం అనే మోత పాత రూపం మ్రోత, మ్రోయు నుంచి వచ్చింది. బరువు మోత మోయు నుంచి. వాడుకలో ర-వత్తు జారిపోయి రెండూ ఒకేలా అయ్యాయి. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అన్న సామెత నడిచేదే ఆ రెండర్థాల మీద, అయినా ఈగలు దేన్నో మోస్తున్నాయని ఎవరూ అనుకోరు. డ్రమ్ము పక్కన నిలబడి "మోత ఎక్కువైంది, తువ్వాలు పెట్టు" అనండి, తెలుగు వచ్చినవాళ్లెవరూ మళ్లీ అడగరు.